బెర్లిన్: ఆదివారం వాషింగ్ మెషీన్ వేశానని తలుపుకి చీటీ అంటించారు, ఇప్పుడేం చేయాలి?

కొత్తగా_వెడ్డింగ్ అడిగారు:

అందరికీ నమస్తే. మార్చిలో ఉద్యోగం మీద బెర్లిన్ వచ్చాను. వెడ్డింగ్‌లో ఉంటాను, లియోపోల్డ్‌ప్లాట్స్ స్టేషన్‌కి పది నిమిషాల నడక. పాతకాలం బిల్డింగ్. లోపలి వాకిలి పక్కన ఉండే భాగంలో మూడో అంతస్తు, చెక్క నేల. ఒక్కదాన్నే.

మొన్న ఆదివారం పొద్దున పదకొండింటికి బట్టలు వేశాను. మిగతా రోజుల్లో ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. అందుకని ఎనిమిది నెలలుగా ఆదివారమే నా బట్టల రోజు. సాయంత్రం నాలుగున్నరకి (నవంబరు కదా, అప్పటికే చీకటి) చెత్త పారేద్దామని తలుపు తీస్తే దాని మీద కాగితం. గళ్ల నోట్‌బుక్‌లోంచి చింపింది. నీలం ఇంకు, ముత్యాల్లాంటి అక్షరాలు, నాలుగు మూలలా టేపు. 'సోన్‌టాగ్' (ఆదివారం) అన్న మాట కింద రెండు గీతలు. ఉత్తి చేత్తో గీసినవి కావు, స్కేలు పెట్టి గీసినవి. చివర మూడు ఆశ్చర్యార్థకాలు. సంతకం లేదు.

ఫోన్‌తో అనువాదం చేస్తే ఇలా వచ్చింది: "ప్రియమైన పొరుగువారూ, ఆదివారం విశ్రాంతి దినం. మీ యంత్రం నా గదిలో ఉన్నట్టుంది. దయచేసి ఆలోచించండి!!! స్నేహపూర్వక నమస్కారాలతో." స్నేహపూర్వకమట.

చదవగానే గుండె గుభేలుమంది. ఎవరు రాశారో తెలీదు. మెట్ల మీద ఎవరు ఎదురైనా 'హలో' అంటారు, నేనూ 'హలో' అంటాను, అంతవరకే మా పరిచయం. ఆ హలో అన్నవాళ్లలోనే ఒకరు స్కేలు పట్టుకుని కూర్చుని ఇది రాశారన్నమాట. సోమవారం నుంచి బయటికి వెళ్లేముందు తలుపుకి చెవి పెట్టి వింటున్నా. మెట్ల మీద ఎవరూ లేరనుకున్నాకే కదులుతున్నా. రాత్రి పూట కొళాయి తిప్పాలన్నా భయమే.

నా డౌట్లు ఇవి. ఆదివారం బట్టలుతకడం నిజంగా చట్టవిరుద్ధమా? ఓనరుకి చెప్తే ఇల్లు ఖాళీ చేయిస్తారా? ఈ ఇల్లు దొరకడానికి మూడు నెలలు పట్టింది, మళ్లీ ఇల్లు చూడ్డానికి నలభైమందితో కలిసి మెట్ల మీద నిలబడే ఓపిక లేదు. తలుపు తట్టి సారీ చెప్పాలా? చెప్తే ఎవరి తలుపు? నా జర్మన్ ఎ1 దగ్గరే, అంటే మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. అమ్మకి చెప్పలేదు, చెప్తే వచ్చెయ్యమంటుంది. నేను బయటి దేశం మనిషిని కాబట్టి రాశారా అని కూడా లోపల పీకుతోంది, దాచుకోవడం ఎందుకు.


ఊ8_ప్యాసింజర్:

మొదటి చీటీ పడిందంటే మీరు బెర్లిన్ మనిషైపోయినట్టే అండి. మా బిల్డింగులో కింద గోడంతా ఇవే. సైకిలు దారికి అడ్డం పెట్టింది ఎవరు, పార్శిల్ ఎవరు తీసుకున్నారు, కాగితాల డబ్బాలో పిజ్జా అట్టపెట్టె తిండితో సహా వేసింది ఎవరు. మూడోదానికి కింద ఇంకొకరు జవాబు కూడా రాశారు.

చట్టం సంగతి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారాలూ సెలవు రోజులూ అయితే రోజంతా, ఇతరులని ఇబ్బంది పెట్టే చప్పుడు చేయకూడదు. గోడకి డ్రిల్లింగ్ లాంటివైతే మాట్లాడే పనే లేదు, తప్పే. వాషింగ్ మెషీన్ అని పేరు పెట్టి మాత్రం చట్టంలో లేదు. చప్పుడు మీ గదిలోనే ఉన్నంతవరకు పెద్దగా గొడవ రాదు. మీది గది దాటింది, అదీ సమస్య. అద్దె అగ్రిమెంటుతో పాటు 'హౌస్‌ఓర్డ్‌నుంగ్' అని ఒక కాగితం ఇచ్చి ఉంటారు, ఇంటి నియమాలు. మెషీన్ టైములు ఉంటే అందులోనే ఉంటాయి.

ఆదివారం మీద వీళ్లకి ఇంత పట్టుదల ఎందుకంటే అది రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో 139వ అధికరణం. 1949లో ఇప్పటి రాజ్యాంగం రాసుకున్నప్పుడు పాతదాన్ని అలాగే తెచ్చి 140వ అధికరణంలో కలిపేశారు. సూపర్‌మార్కెట్లు ఆదివారం మూసి ఉండేదీ అందుకే. శనివారం రాత్రి పది లోపు గుర్తు రాకపోతే ఇక హౌప్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో తెరిచి ఉండే షాపే దిక్కు. అక్కడ ఆదివారం క్యూ చూస్తే మతిమరుపు మనకొక్కరికే కాదని తెలుస్తుంది.


నైట్‌షిఫ్ట్:

చెల్లీ, ఆ చీటీ నేనే రాసి ఉండొచ్చు. కంగారుపడకు, మాది నాయ్‌కోల్న్, నీ కింద ఉన్నది నేను కాదు. కానీ నేను చీటీలు రాసే రకం. అవతలి వైపు సంగతి కూడా కాస్త విను.

నర్సుని. వచ్చి తొమ్మిదేళ్లయింది. నెలకి ఏడెనిమిది నైట్లు పడతాయి. పొద్దున ఆరున్నరకి డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, కర్టెన్లు వేసి పడుకుంటా. రెండేళ్ల కిందట మా పై ఫ్లాటులోకి ఓ కుర్రాడు దిగాడు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా పాట పెట్టేవాడు. ఒకటే పాట, మళ్లీ మళ్లీ. మొదటి ఆదివారం దిండు నెత్తి మీద పెట్టుకున్నా. రెండో ఆదివారం మెట్లెక్కి వాడి తలుపు దాకా వెళ్లా. చెయ్యెత్తా. తట్టలేకపోయా. నైటీ మీద కోటు, పీక్కుపోయిన కళ్లు. పైగా కోపంలో ఉన్నప్పుడు నాకు జర్మన్ రాదు, తెలుగే వస్తుంది. దిగొచ్చి చీటీ రాశా.

నాలుగు వాక్యాలకి గంటంబావు పట్టింది. మనకి మీరు, నువ్వు ఉన్నట్టే వీళ్లకీ 'జీ', 'డూ' ఉన్నాయి కదా. వాడు కుర్రాడే, మెట్ల మీద అయితే 'డూ' అనేదాన్ని. కానీ కోపంగా ఉండి నువ్వు అని రాస్తే తిట్టినట్టుంటుందని 'జీ' పెట్టా. 'ప్రియమైన పొరుగువారూ' అని మొదలుపెట్టడం, స్నేహపూర్వక నమస్కారాలతో ముగించడం వాడుక. మనం 'ఇట్లు, మీ విధేయుడు' అని రాస్తే నిజంగా విధేయులమా ఏంటి? అందులో వెటకారం వెతక్కు. స్కేలు సంగతంటావా, ఇక్కడ బళ్లో పిల్లలు కూడా గీతకి స్కేలు తీస్తారు. అది కసి కాదు, అలవాటు. మూడు ఆశ్చర్యార్థకాలు మాత్రం కొంచెం కోపమే, దాన్ని నేను వెనకేసుకురాను.

సాయంత్రానికి నా చీటీ తిరిగొచ్చి నా తలుపు మీదే ఉంది. నేను 'దస్ మ్యూజిక్' అని రాశా. జర్మన్‌లో ఒక్కో పేరు ముందు 'డెర్', 'డీ', 'దస్'లలో దానికి తగ్గది పెట్టాలి కదా, వాడు 'దస్' కొట్టేసి ఎర్ర పెన్నుతో 'డీ' అని దిద్దాడు. కింద 'టూట్ మియర్ లైట్' అని, అంటే సారీ అని. అక్కడే నిలబడి నవ్వుకున్నా, ఒళ్లు మండింది కూడా. ఆ తర్వాత ఆదివారం పాట లేదు. ఇవాళ్టికీ మెట్ల మీద మేమిద్దరం 'హలో' దాటలేదు. స్నేహితులం అయిపోయామని చెప్తాననుకున్నావేమో, అలాంటిదేం లేదు. నిద్ర పడుతోంది, నాకది చాలు.

ఇంకో మాట. ఈ ఊళ్లో ఏ కాగితానికి ఎంత భయపడాలో తెలుసుకో, సగం టెన్షన్ పోతుంది. తలుపు మీద చేతిరాతకి అసలు భయపడక్కర్లేదు. ఓనరు నుంచి 'ఆబ్‌మానుంగ్' అని వస్తే అది హెచ్చరిక, కూర్చుని చదవాలి. ఇలాంటి చప్పుడు గొడవల్లో ఇల్లు ఖాళీ చేయమనే ముందు మామూలుగా ఆ హెచ్చరిక రావాలి, ఒక్క చీటీతో ఎవరూ నిన్ను బయటికి పంపలేరు. ఇక పోస్టు డబ్బాలో పసుపు కవరు కనిపిస్తే ఆ రోజే తియ్యి, కవరు కూడా పారెయ్యకు. దాని మీద పోస్ట్‌మన్ తేదీ వేస్తాడు. గడువు లెక్క ఆ తేదీ నుంచే, నువ్వు ధైర్యం చేసి చదివిన రోజు నుంచి కాదు. ఇంకా బెంగగా ఉంటే అద్దెదారుల సంఘం ఉంది, బెర్లినర్ మీటర్‌ఫెరైన్. సభ్యత్వం తీసుకుంటే అగ్రిమెంటు చూసి సలహా చెప్తారు.

ఎవరి తలుపు అన్నావు. కింద గేటు దగ్గర బెల్లుల పలక చూడు. ఇక్కడ చాలా ఇళ్లకి ఫ్లాట్ నంబర్లుండవు, పేర్లే. బెల్లులు మామూలుగా అంతస్తుల వరసలోనే ఉంటాయి కాబట్టి నీ పేరు కింద ఉన్న పేరే నీ కిందివాళ్లది. అన్నట్టు నీ పేరు పోస్టు డబ్బా మీద ఉందా? వచ్చిన కొత్తలో నాకా సంగతి తెలీక ట్యాక్స్ నంబరు ఉత్తరం వెనక్కెళ్లిపోయింది. ఆ నంబరు లేకపోయేసరికి ఆ నెల నా జీతాన్ని ఆరో ట్యాక్స్ క్లాసులో పడేశారు, అన్నిటికంటే ఎక్కువ కోత పడేది అదే. తర్వాత సర్దారనుకో, కానీ ఆ రోజు చేతికొచ్చిన అంకె చూసి బస్సులోనే ఏడ్చా. సాయంత్రం తెల్ల ప్లాస్టరు ముక్క మీద పెన్నుతో పేరు రాసి డబ్బాకి అంటించా, గాయాలకి వేసేదే. అది ఇప్పటికీ అలాగే ఉంది.

నీ చివరి అనుమానం గురించి. అది ఊరికే పుట్టిన అనుమానం అనను, నాకూ అలాంటివి తగిలాయి. తగిలినప్పుడు మాత్రం వేరే ఏ కారణమూ వెతుక్కునే పని లేకుండా తెలిసిపోయింది. 'మీ యంత్రం నా గదిలో ఉన్నట్టుంది' అన్నవాళ్ల గొడవ యంత్రంతో. ఎనిమిది నెలలు ఓర్చుకుని రాశారు చూడు.

జవాబు రాయి. మూడు వాక్యాలు చాలు: క్షమించండి, తెలీలేదు, ఇకమీదట ఆదివారం వెయ్యను. కింద నీ పేరు పెట్టు. నువ్వు రాసి ఇక్కడ పెట్టు, 'దస్'లూ 'డీ'లూ నేను దిద్దుతా. దెబ్బ తిని నేర్చుకున్నదాన్ని.


బోల్టు_నట్టు:

అక్క చెప్పినదంతా సరే గానీ అసలు సంగతి ఎవరూ అడగలేదు. మెషీన్ కొత్తదా, సెకండ్‌హ్యాండా? పిండేటప్పుడు కదులుతుందా?


కొత్తగా_వెడ్డింగ్:

సెకండ్‌హ్యాండ్. ఆన్‌లైన్‌లో కొన్నాను. ఇద్దరు మోసుకొచ్చి, పైపు తగిలించి వెళ్లిపోయారు. కదలడం అంటే... నడుస్తుందండి. గోడ దగ్గర మొదలెట్టి బాత్రూం తలుపు దాకా వస్తుంది. అందుకే పిండే టైముకి నేను వెళ్లి దాని మీద కూర్చుంటాను. పాతది కదా, అంతేనేమో అనుకున్నా.


బోల్టు_నట్టు:

కూర్చుంటారా! ఎనిమిది నెలలుగా!

వెనక పలక చూడండి. నాలుగు పెద్ద బోల్టులు కనిపిస్తాయి, కొన్నిటికి మూడే ఉంటాయి. మామూలుగా లోపలి డ్రమ్ము స్ప్రింగులకి వేలాడుతూ ఉంటుంది, కింద డాంపర్లు ఆసరా. తిరిగేటప్పుడు వచ్చే అదురంతా అవి మింగేస్తాయి. మోసేటప్పుడు డ్రమ్ము ఊగి దెబ్బతినకుండా బోల్టులతో దాన్ని బాడీకి బిగించేస్తారు. ఇల్లు చేరాక వాటిని తీసెయ్యాలి. అమ్మినవాళ్లు పద్ధతిగా బిగించి ఇచ్చారు, మోసినవాళ్లు విప్పలేదు, మీకు తెలీదు. ఇప్పుడు డ్రమ్ము అదురు నేరుగా బాడీకి, బాడీ నుంచి చెక్క నేలకి, నేల నుంచి కిందివాళ్ల సీలింగుకి పోతోంది. 'యంత్రం నా గదిలో ఉన్నట్టుంది' అని రాశారు చూశారా, ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ప్లగ్గు పీకండి. స్పానరుతో బోల్టులు వదులు చేసి, వాటి ప్లాస్టిక్ తొడుగులతో సహా బయటికి లాగండి. పారెయ్యకండి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ కావాలి. తర్వాత మెషీన్ పైన ఒక్కో మూలా అరచేత్తో నొక్కండి. ఎక్కడైనా టక్కుమంటే అక్కడి కాలు మరతిప్పి సరిచెయ్యాలి. అన్నీ అయ్యాక కింద రబ్బరు మ్యాటు. కూర్చోవడం మానెయ్యండి.


గ్రౌండ్‌ఫ్లోర్_బాబాయ్:

అందరూ కలిసి అమ్మాయిని బాగా లొంగదీస్తున్నారు. అద్దె మనమూ కడుతున్నాం కదా!

మా పాత ఇంట్లో కిందావిడ ఆరు నెలల్లో పదకొండు చీటీలు పెట్టింది. పిల్లాడు పరిగెడితే చీటీ, కుర్చీ జరిపితే చీటీ. జవాబులు రాశాం, కార్పెట్ వేశాం, కుర్చీ కాళ్లకి గుడ్డముక్కలు అతికించాం, పండక్కి కేకు కూడా ఇచ్చాం. తీసుకుంది. వారానికి ఎనిమిదో చీటీ వచ్చింది. పిల్లల చప్పుడు భరించాల్సిందేనని బెర్లిన్ 2010లోనే చట్టంలో రాసుకుంది, తెలుసా? చట్టం మా వైపే. చట్టం మన వైపుంటే మాత్రం ఏం లాభం, రోజూ మెట్ల మీద ఆ మొహం చూడాలిగా. పన్నెండోది రాకముందే ష్పాండావ్‌లో గ్రౌండ్ ఫ్లోరుకి మారిపోయాం.

ఇప్పుడు మా పైవాళ్లకి ఇద్దరు పిల్లలు. పొద్దున ఆరుకే మొదలు. చీటీ రాద్దామని పెన్ను తీస్తా, మళ్లీ పెట్టేస్తా.


నైట్‌షిఫ్ట్:

బాబాయ్ గారూ, పదకొండు చీటీలావిడకి చీటీలతో పని కాదు, ఆవిడతో మాట్లాడే మనిషి కావాలి. అక్కడ మీ తప్పేం లేదు. కానీ ఇక్కడ కేసు వేరు, ఇక్కడ బోల్టులున్నాయి.


కొత్తగా_వెడ్డింగ్:

అప్‌డేట్.

బోల్టులున్నాయి. నాలుగూ ఉన్నాయి. టార్చి వేసి చూస్తే పక్కనే స్టిక్కరు కూడా ఉంది, స్పానరు బొమ్మ, బాణం గుర్తులతో. ఎనిమిది నెలలు దాని మీద కూర్చున్నాను గానీ వెనక్కి ఒక్కసారి వంగి చూళ్లేదు.

ఆఫీసులో సైకిలు మీద వచ్చే కొలీగ్ దగ్గర స్పానర్ల సెట్టు ఉంటే శుక్రవారం తెచ్చుకున్నా. మూడు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి బిగుసుకుంది, అరగంట దాంతోనే కుస్తీ, రెండు వేళ్లు చెక్కుకుపోయాయి. శనివారం మధ్యాహ్నం బట్టలు వేసి పిండే టైముకి అలవాటు కొద్దీ కూర్చోబోయాను. అవసరం లేదు. గోడ దగ్గరే నిలబడి బుద్ధిగా తిరుగుతోంది. చప్పుడు ఉంది, కానీ పక్క గదిలోకి వెళ్లి తలుపేస్తే వినపడట్లేదు. ఇన్నాళ్లూ కిందివాళ్లు ఏం విన్నారో తల్చుకుంటే మాత్రం సిగ్గేసింది. బోల్టులు నాలుగూ సాక్సులో వేసి దాచాను.

అక్క దిద్దిచ్చిన మూడు వాక్యాలు రాసి, కింద పేరు పెట్టి, బెల్లుల పలకలో నా కింద ఉన్న పేరు చూసుకుని వాళ్ల పోస్టు డబ్బాలో వేశాను. అక్కా, నా డబ్బా మీద పేరుంది గానీ సగమే ఉంది, వాన నీళ్లకి చెరిగిపోయింది. మళ్లీ రాశాను. ప్లాస్టరు మీదే.

రెండు రోజులు ఏ కదలికా లేదు. ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు మీద మళ్లీ అదే గళ్ల కాగితం, అదే నీలం ఇంకు. కాళ్లలో సత్తువ పోయింది. చదివితే రెండే లైన్లు. మొదటిది: 'మీ పార్శిల్ నా దగ్గర ఉంది, రెండో అంతస్తు.' రెండోది ఒక్కటే మాట, పక్కన ప్రశ్నార్థకం. 'ట్రాన్స్‌పోర్ట్‌జిషెరుంగ్?' ఫోన్‌లో చూశాను. ట్రాన్స్‌పోర్ట్ బోల్టులే! వాళ్లకి ముందే అనుమానం ఉన్నట్టుంది. ఈసారి గీతలు లేవు.

పార్శిల్ తెచ్చుకోవాలి. 'యా, ఫియర్ ష్ట్యూక్' అని ప్రాక్టీస్ చేస్తున్నా, అవును, నాలుగు అని. ఇప్పుడు ఎనిమిదింపావు. ఈ టైంలో బెల్లు కొట్టొచ్చా?


నైట్‌షిఫ్ట్:

కొట్టొచ్చు. పదికి ఇంకా చాలా టైముంది. ఆ సాక్సు కూడా పట్టుకెళ్లు, మాట అందకపోతే చూపించొచ్చు. నేను డ్యూటీకి బయల్దేరుతున్నా, ఏమైందో రాసిపెట్టు, బ్రేక్‌లో చదువుతా.